దుప్పి నిలబడ్డ చోటు

ఏ తూటా మంచిదని ఆర్లిస్ స్కార్‌ని అడిగితే ఆమె తుపాకి వంక చూసేది కాదు, తోలు ఒలిచిన దుప్పి జబ్బ వంక చూసేది. గరాజులో పాత తలుపు చెక్కను బల్లగా వేసుకుని, నలభై ఏళ్లపాటు ఊళ్లో సగంమంది కొట్టుకొచ్చిన దుప్పుల్ని కోసిపెట్టిన చెయ్యి ఆమెది. గుండు ఎటునుంచి దూరిందో, ఎక్కడ విచ్చుకుందో, ఎముకకి తగిలి ఎన్ని ముక్కలైందో ఆ వేళ్లకి తెలిసినంతగా తుపాకుల కొట్టువాడికి కూడా తెలియదు.

"గోడకి కొమ్ములు తగిలించుకోడానికైతే ఏదైనా ఒకటే. తినడానికైతే నన్నడుగు," అనేది.

తాతల నాటి థర్టీ-థర్టీ తూటా నెమ్మదిగా పోయేది, బరువుగా దిగేది. దానితో కొట్టిన దుప్పిని గుండు చేసిన తొర్ర అంచుదాకా తినొచ్చు. కాకపోతే వంద గజాల్లోకి పాక్కుంటూ పోవాలి. తర్వాతి టూ-సెవెంటీ మూడొందల గజాలైనా పైకెత్తి గురిపెట్టనక్కర్లేకుండా తిన్నగా పోతుంది. దగ్గర్లో ఎముకకి తగిలిందా, జబ్బంతా నల్లటి జావే. పెళ్లయిన మొదటి ఏడు ఆర్లిస్ అలాంటి రెండు జబ్బల్ని కుక్కలకి పారేసి, భర్త గేలెన్‌తో మూడు రోజులు మాట్లాడలేదు. అతను ఎదురు చెప్పలేదు. తన తూటాలు తనే చేత్తో నింపుకునే మనిషి. ఆ చలికాలమంతా కిందిగదిలో కూర్చుని, బరువైన గుండు పెట్టి, తుపాకి మందు కాస్త కాస్త తగ్గిస్తూ కొత్తగా నింపాడు. మరుసటి ఏడు తెచ్చిన దుప్పి జబ్బలో పిడికెడు మాంసం మాత్రమే కమిలింది. ఆమె దాన్ని కోసి పక్కన పెట్టి, "ఇది నయం," అంది. గేలెన్ మళ్లీ ఆ కొలత మార్చలేదు. ముప్పై ఎనిమిదేళ్లు అదే మందు, అదే గుండు.

ఇప్పుడంతా సిక్స్-ఫైవ్ అంటున్నారు. తూటా గొట్టం పొట్టి, గుండు దబ్బనంలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆర్లిస్‌కి ఆ తూటా మీద కోపమేమీ లేదు. రెండొందలు, మూడొందల గజాల్లో కొట్టిన దుప్పులు ఆమె బల్ల మీదకి చాలా వచ్చాయి. శుభ్రంగా పని చేసింది. జబ్బ పాడు కాలేదు, తుపాకి కూడా భుజాన్ని తన్నదట. ఆమె కోపమంతా ఆ తూటా చేతికి రాగానే నడవడం మానేసినవాళ్ల మీద. ఆరొందలు, ఏడొందల గజాల అవతల నుంచి కొట్టి తెచ్చిన దుప్పులు రెండు రకాలు. గుండెలో తగిలినవి, ఇంకెక్కడో తగిలినవి. రెండో రకం దుప్పి బల్ల మీదకి వచ్చేసరికి దాని కళ్లు చూస్తేనే అది ఎంతసేపు బతికి ఉందో ఆమెకి తెలిసిపోయేది.

ఆమె చదివింది ఎనిమిదో తరగతి. పంతొమ్మిదో ఏట స్కార్ల ఇంటికి వచ్చింది. పిల్లలు పుట్టలేదు. ఏప్రిల్లో గేలెన్ పోయాడు. పొద్దున్నే బూట్లు తొడుక్కోడానికి ముందుకు వంగినవాడు మరి లేవలేదు. ఒక బూటు తాడు కట్టి ఉంది, రెండోదానిది కట్టలేదు. ఆర్లిస్ పెద్దగా ఏడవలేదని ఊళ్లో అనుకున్నారు. ఆమె రెండో బూటు తాడు కట్టి, జతని తలుపు పక్కన పెట్టి, అక్కణ్ణుంచి తియ్యలేదు.

మోంటానా తూర్పు మూలన ఆ చుట్టుపక్కల మంచి నేలంతా వేటగాళ్లని డబ్బుకి తిప్పేవాళ్లు ఎప్పుడో పట్టేశారు. మిగిలింది హల్వర్ బ్రెక్కే పొలం ఒక్కటే. ఎనభై నాలుగేళ్ల ముసలాయన. ఆయన ముప్పై ఏళ్లుగా గేలెన్‌ని తప్ప ఎవర్నీ తుపాకితో గేటు దాటనివ్వలేదు. ఆయన పెట్టిన షరతు ఒకటే. కాల్చాక, తప్పిందని నువ్వు ఒట్టేసి చెప్పినా సరే, దుప్పి నిలబడ్డ చోటుదాకా నడిచి చూడాలి. చూసి, నెత్తురుంటే దాని వెంట పోవాలి. ఆయన వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చప్పుళ్లు లెక్కపెట్టేవాడు. ఒక చప్పుడుకి ఒక దుప్పి. రెండో చప్పుడు వినిపిస్తే పికప్ వేసుకుని వచ్చి అడిగేవాడు.

సెప్టెంబర్లో ఆర్లిస్ అడగడానికి వెళ్లింది. ఆయన కూర్చోమనలేదు.

"గేలెన్‌కిచ్చిన మాట గేలెన్‌తోనే పోవాలి అసలైతే," అన్నాడు.

"నాకు మాంసం కావాలి బ్రెక్కే గారూ. ఆ నేల మీద నడవాలని కూడా ఉంది."

"ఆ వాచిన మోకాలితో దుప్పిని ఎలా లాక్కుంటావ్?"

"డ్వేన్‌ని తెచ్చుకుంటాను. మా మరిది."

బ్రెక్కే కిటికీ వైపు తిరిగాడు. గేలెన్ తన సొంత తమ్ముణ్ణి ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ గేటు దాటించలేదని ఆయనకి తెలుసు. "తెచ్చుకో. వాడేం చేసినా నీ నెత్తినే," అన్నాడు.

ఆ గేటు మూసుకుంటే ఆర్లిస్‌కి చలికాలం మాంసం లేదు. అంతకంటే ముఖ్యంగా, గేలెన్ పక్కన నడిచిన ఆ ఆరు మైళ్ల నేల ఇక లేదు. ఇంట్లో అతని బూట్లున్నాయిగానీ, అతను ఎక్కడ ఆగి ఊపిరి తీసుకునేవాడో ఆ నేలకే తెలుసు. మోకాలి వాపు తగ్గక నవంబరు సగం ఇంట్లోనే గడిచిపోయింది. చివరికి వేటకాలం ఆఖరి ఆదివారం వచ్చింది.

పొద్దున్నే డ్వేన్ వంటింట్లో కూర్చుని, బల్ల గుడ్డ మీద రెండు తూటాల్ని పక్కపక్కన నిలబెట్టాడు. యాభై రెండేళ్లవాడు, ఊళ్లో ట్రాక్టర్ సామాన్ల కొట్లో పని. ఆ కొత్త తుపాకి కొన్నప్పటినుంచీ దాని గురించి తప్ప ఇంకో మాట లేదు.

"చూడొదినా. ఇదేమో అన్నయ్యది, వందేళ్ల ముసలిది. ఇదేమో నాది."

"నీది పొట్టిగా ఉందే."

"గొట్టం పొట్టి. గుండు పొడుగు. కిటుకంతా అక్కడే. గాలి దీన్ని అంత తేలిగ్గా నెట్టలేదు. ఆరొందల గజాల్లో ఓ మోస్తరు గాలికి అన్నయ్య గుండు రెండున్నర అడుగులు పక్కకి పోతుంది. ఇది రెండడుగులు కూడా పోదు."

"రెండడుగులైనా తప్పినట్టేగా?"

"అందుకే లెక్కేసి మర తిప్పుతాం. స్కోప్ మీద మర ఉంది చూశావా? దూరం ఎంతో యంత్రం చెప్తుంది, అంతకి తిప్పడం, కొట్టడం. బుర్ర అక్కర్లేదు."

"అది బాగా కుదిరింది నీకు."

డ్వేన్ పకపకా నవ్వాడు. "గేలెన్ జన్మలో ఆరొందల గజాల్లో కొట్టాడా?"

"నాలుగొందలు నడిచి రెండొందల్లో కొట్టేవాడు."

"అదే నేననేది. అలా నడిచి నడిచే గుండె ఆగింది."

ఆర్లిస్ కాఫీ వంపుతున్న చెయ్యి ఆపి, కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అతని కప్పు సగమే నిండింది.

"అబ్బా, సరదాకన్నాను. నీకు నవ్వే రాదు. అన్నయ్య ఎలా వేగాడో."

గేలెన్ నింపిన తూటాల డబ్బా తీసి ఆమె ఐదింటిని కోటు జేబులో వేసుకుంది. ఏడాదికి ఒక్క దుప్పికే సర్కారు ఇచ్చే చీటీ, ట్యాగ్, కూడా పెట్టుకుంది.

సన్నటి మంచు పడి ఉంది. గాలి బ్రెక్కే ఇంటి వైపునుంచి మొహం మీదికి కోస్తోంది. రెండు గంటలు నడిచాక గట్టు మీద పడుకుని చూస్తే, లోయ అవతలి వాలులో నాలుగు ఆడ దుప్పులు, వాటి వెనక ఒక పోతు కనిపించాయి. మరీ పెద్దదేం కాదు. కొమ్ములు మూడేసి కొనలు. డ్వేన్ దూరం కొలిచే యంత్రం కంటికి పెట్టుకున్నాడు.

"ఆరొందల నలభై."

"ఈ పక్క వాగులోకి దిగి, ఆ చిన్న మిట్ట చాటున ఎక్కితే రెండొందల యాభైకి పోతాం," అంది ఆర్లిస్. అక్కణ్ణుంచి గేలెన్ మూడుసార్లు కొట్టాడు.

"నీ మోకాలితోనా? నువ్వు ఆ మిట్ట ఎక్కేసరికి దానికి మనవలు పుడతారు."

"గంట పడుతుంది."

"గంటసేపు అది నీ కోసం అక్కడే నిలబడుతుందా? ఇక్కణ్ణుంచే అయిపోతుంది వదినా. నా ట్యాగ్ మీదే కొడతాను, మాంసం నీకిస్తాను. కొమ్ములు పెద్దవి కావుగానీ పర్లేదు. నీకు మాంసమేగా కావాల్సింది?"

ఆమెకి మాంసమే కావాలి. మోకాలు అప్పటికే నిప్పుల్లో పెట్టినట్టుంది. పోతు ఒక అడుగు వేసి, తల దించి మేసి, మళ్లీ ఒక అడుగు వేస్తోంది. ఆ గుండు అంత దూరం పోవడానికి సెకను పడుతుంది. సెకనులో దుప్పి ఒక అడుగు వేస్తుంది. గేలెన్ ఈ మాట ఎన్నిసార్లు అనుంటాడో. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది. డ్వేన్ చప్పుడు తగలకుండా చెవుల మీద డిప్పలు లాక్కుని, స్కోప్ మీది మర టకటకా తిప్పుకున్నాడు. చెబితే విసుక్కుంటాడు. చెప్పకపోతే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం. ఆర్లిస్ నోరు మూసుకుంది.

అతని తుపాకి కొసన పొడవాటి సైలెన్సర్ ఉంది. చప్పుడు మందపాటి గుడ్డ చింపినట్టు వచ్చింది, అంతే. ఆర్లిస్ లోపల లెక్కపెట్టుకుంది. ఒకటి. రెండు. మూడో అంకెకి రాకముందే లోయ అవతలనుంచి, తడి దుప్పటిని బండకేసి కొట్టినట్టు మెత్తటి చప్పుడొకటి వచ్చి చెవిన పడింది. పోతు వీపు గూనిగా వంచి రెండు గంతులేసి, గట్టు మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

డ్వేన్ డిప్పలు తీశాడు. "ఛీ. తప్పింది. కింద నుంచి పోయినట్టుంది."

"తగిలింది."

"ఎక్కడ తగిలింది? ఎలా పరిగెత్తిందో చూశావుగా."

"విన్నాను. ఎముకకి తగిలితే కర్ర విరిగినట్టు వినిపిస్తుంది. ఇది మెత్తగా వినిపించింది. పొట్టకి తగిలింది."

"నాకేం వినపడలేదు."

"నీ చెవుల మీద డిప్పలున్నాయి."

"నీకు పొద్దున్నే వంటింట్లో గేలెన్ దగ్గు కూడా వినిపిస్తోందన్నావుగా ఆ మధ్య," అన్నాడు డ్వేన్ తూటా గొట్టం ఏరుకుంటూ. "ఆ చెవుల్నేనా నమ్మమంటావ్?"

ఆ మాట ఆమె అతనికి చెప్పలేదు. అతని భార్యకి చెప్పింది, అంత్యక్రియల తర్వాత, కూర గిన్నెలు కడుగుతూ. ఆర్లిస్ తుపాకి భుజాన వేసుకుని లోయలోకి దిగడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"అది నిలబడ్డ చోటికి."

"వదినా! బుద్ధి ఉందా నీకు? నిజంగానే తగిలుంటే నక్కలు చూసుకుంటాయి. ఆ ముసలాడికి వినపడలేదు. సైలెన్సర్, పైగా ఎదురుగాలి. మనం ఇంకోటి వెతుక్కుందాం. విన్నావా?"

ఆమె ఆగలేదు. ఒంటరిగా ఆమె ముసలాయన కంట పడితే ఇంకా చిక్కేనని అతను తిట్టుకుంటూ వెనకే వచ్చాడు.

అవతలి వాలు ఎక్కేసరికి గంటకి పైనే పట్టింది. దుప్పి నిలబడ్డ చోట మంచు మీద గుప్పెడు వెంట్రుకలున్నాయి. జబ్బ వెంట్రుకలు బూడిద రంగులో నున్నగా ఉంటాయి. ఇవి తెల్లగా, మోటుగా, కడుపు కిందివి. రెండు బారల అవతల ఆకుపచ్చ నీటి చుక్క, దాని పక్కన చిన్న ఎర్ర చుక్క. ఆర్లిస్ చేతితొడుగు తీసి, ఆకుపచ్చ చుక్కని వేలితో తాకి, అతని ముక్కు కింద పెట్టింది.

డ్వేన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "సరే. తగిలింది. అయితే ఏంటిప్పుడు?"

"కూర్చో. తరిమితే మైళ్లు పోతుంది. పడుకోనివ్వాలి."

ఆమె కూర్చోబెట్టగలిగినంతసేపు అతను కూర్చున్నాడు. ముప్పావుగంట. ఈలోగా సాసేజి పెట్టుకున్న రొట్టె తిన్నాడు. గాలి హఠాత్తుగా ఆగి మళ్లీ లేచిందన్నాడు, యంత్రం దూరం తప్పు చెప్పి ఉంటుందన్నాడు, అసలు ఆమె పక్కన కదలడం వల్లే గురి చెదిరిందన్నాడు. తర్వాత ఇద్దరూ జాడ పట్టుకుని కిందకి నడిచారు. ఆ జాడ ఎటు పోతోందో ఆర్లిస్‌కి సగం దారిలోనే అర్థమైంది. తిన్నగా బ్రెక్కే గడ్డి మేటుల వైపు. ఆయన ఇంటి పొగ అప్పటికే కనపడుతోంది.

పోతు మేటుల చుట్టూ కట్టిన ముళ్లకంచె ఇవతల, ఒక పొద కింద పడుకుని ఉంది. అరవై గజాలు. తల ఎత్తే ఉంది. నోరు కొంచెం తెరిచి, మూసి, మళ్లీ తెరుస్తోంది. పొట్ట పక్కన మంచు ఆకుపచ్చగా కరిగింది.

"నువ్వాగు," డ్వేన్ గుసగుసలాడాడు. "నీ తుపాకి పేలిందంటే ముసలాడు కిటికీలోంచి దూకి వస్తాడు. నాదైతే చప్పుడుండదు. కొట్టి, వెలుతురు తగ్గాక వెనక దారిన లాగేద్దాం. గేటూ ఉంటుంది, మాంసమూ ఉంటుంది. సరేనా?"

 ఆ దుప్పి తొందరగా పోవాలి, అంతే. "కొట్టు," అంది.

అతను మోకాలి మీద కూర్చుని, తీరిగ్గా గురిపెట్టి కాల్చాడు. దుప్పి వీపు పైనుంచి జానెడెత్తున పోయి, కంచె గుంజకి తగిలి చెక్క పేళ్లు లేచాయి. పోతు విదిలించుకుని లేచింది. డ్వేన్ మళ్లీ కాల్చాడు. మళ్లీ పైనుంచే పోయింది.

"స్కోప్ పాడైపోయింది!"

"మర," అంది ఆర్లిస్. "మర చూడు."

అతను చూసుకున్నాడు. అది ఇంకా ఆరొందల నలభై మీదే ఉంది, అంత దూరానికి గుండుని పైకెత్తి పంపే కొలత. వెనక్కి తిప్పడం మరిచిపోయాడు. ఈ కొత్త తుపాకులవాళ్లకి తప్ప ఇంకెవరికీ ఈ మతిమరుపు రాదు. గేలెన్ స్కోప్ మీద తిప్పడానికి మరే లేదు. డ్వేన్ పళ్లతో చేతితొడుగు లాగేసి మర పట్టుకున్నాడు. వేళ్లు కొంకర్లు పోయి ఉన్నాయి. తిప్పింది ఒక చుట్టో, రెండు చుట్లో గుర్తు లేదు. ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుతున్నాడు.

ఈలోగా పోతు కంచె దాటబోయింది. ముందుకాళ్లు దాటాయి. వెనక కాలొకటి పై రెండు తీగల మధ్య మెలిపడిపోయింది. దుప్పి తలకిందులుగా వేలాడుతూ, ముందుకాళ్లతో మంచు గీకుతూ, అరవడం మొదలుపెట్టింది. దుప్పి అరుపు చాలామంది వినరు. గొంతు చించుకుని ఏడ్చే గొర్రెలా ఉంటుంది.

ఆర్లిస్ గేలెన్ టూ-సెవెంటీ ఎత్తింది.

డ్వేన్ ఆమె తుపాకి గొట్టం పట్టుకుని కిందకి వంచాడు. "కాల్చకు! ఒక్క నిమిషం. మర పెట్టేస్తున్నా. ఒక్క నిమిషం ఆగలేవా? గేటు పోతుంది వదినా, నీ గేటే!"

అతనన్నది నిజమే. ఒక్క నిమిషం ఆగితే చాలు, ఎవరికీ తెలియదు. దుప్పి మళ్లీ అరిచింది. ఆర్లిస్ మోచేత్తో అతని చెయ్యి తోసేసి, మెడ ఎక్కడుందో చూసి కాల్చింది.

ఆ చప్పుడు వెళ్లి బ్రెక్కే పశువుల కొట్టానికి తగిలి, మళ్లీ లోయలోకి వచ్చింది. దుప్పి తీగల మీదే నిలిచిపోయింది. ఇంటి దగ్గర కుక్క మొరిగింది.

"అయిపోయింది," అన్నాడు డ్వేన్. "పిచ్చి ముండవి. పొయ్యి పక్కన కూర్చోక నీకెందుకీ తుపాకి?"

"నీ ట్యాగ్ తియ్యి. మొదటి నెత్తురు కార్పించింది నువ్వు."

"నేనివ్వను. ఇంకా రెండు గంటల వెలుతురుంది. ఈ కంపు దానికి నా ట్యాగ్ పెట్టి ఇంటికి పోవాలా? చంపింది నువ్వు, నువ్వే పెట్టుకో."

 ఆర్లిస్ తన ట్యాగ్ తీసి, నెలా తేదీ కత్తితో కోసి, కొమ్ముకి కట్టింది. ఆ ఏడాదికి ఆమె వేట అంతే. కడుపు పగిలిన దుప్పి ఒకటి.

పికప్ వచ్చి ఆగింది. బ్రెక్కే దిగడానికి చాలాసేపు పట్టింది. వెనకనుంచి కుక్క ముందే దూకింది. ఆయన తీగల్ని, దుప్పిని, ఇద్దర్నీ వరసగా చూశాడు.

"ఒక చప్పుడే విన్నాను. గాయాలు రెండున్నాయి," అన్నాడు.

"రెండూ వదినవే పెద్దాయనా," డ్వేన్ ముందుకొచ్చాడు. గొంతులో జాలి కూడా తెచ్చుకున్నాడు. "మొదటిది ఆ గట్టు అవతల కాల్చింది, ఎదురుగాలికి మీకు వినపడి ఉండదు. అన్నయ్య పోయినప్పట్నుంచి చేతులు వణుకుతున్నాయి. నేను వద్దనే అన్నాను. వింటుందా?"

బ్రెక్కే చేతికర్ర కంచెకి ఆనించి, దుప్పి పొట్ట దగ్గర వంగాడు. చిటికెన వేలు ఒక పక్క తొర్రలో పెట్టాడు. అటుపక్కకి వెళ్లి రెండో తొర్రలో పెట్టాడు. రెండూ ఒకలాగే ఉన్నాయి, వేలి కొస దూరినంత. మెడ దగ్గరికి వచ్చి అక్కడి తొర్ర చూశాడు. అది ఒక పక్క చిన్నది, రెండో పక్క పిడికిలంత.

"గేలెన్ గుండు బయటికి వచ్చేది ఇలా," అన్నాడు మెడ చూపించి. "పొట్టలోది విచ్చుకోలేదు. చాలా దూరం వచ్చి అలిసిపోయిన గుండు. ఎంత దూరంరా?"

డ్వేన్ తుపాకి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"ఆరొందల నలభై," అంది ఆర్లిస్.

"అప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను."

"వద్దన్నావా?"

గాలికి కంచె తీగ ఊగి, దాంతోపాటు దుప్పి కొంచెం ఊగింది.

"అనలేదు," అంది ఆమె.

బ్రెక్కే వేలు మంచులో తుడుచుకున్నాడు. "వచ్చే ఏడు రావద్దు."

"పెద్దాయనా, అయితే నేను..." అని డ్వేన్ మొదలుపెట్టాడు.

"నిన్నెవడు పిలిచాడు? నేను మాట్లాడేది గేలెన్ పెళ్లాంతో."

"నేను కాల్చకుండా ఉండొచ్చు బ్రెక్కే గారూ," అంది ఆర్లిస్. ఆమె ఎవర్నీ బతిమాలిన మనిషి కాదు. ఆ మాటలు ఎలా పలకాలో ఆమెకే తెలియలేదు. "కాల్చకపోతే మీకు తెలిసేది కాదు. మీకు తెలుస్తుందని తెలిసే కాల్చాను."

"అది నాకు తెలుసు. అందుకే ఈ మాంసం తీసుకెళ్లనిస్తున్నా. లేకపోతే అదీ ఉండేది కాదు." ఆయన చేతికర్ర అందుకున్నాడు. "గేలెన్ పక్కనుంటే వీడు తుపాకి సంచిలోంచి తీసేవాడే కాదు. నువ్వు పక్కనుంటే తీశాడు. నేను తెలుసుకోవాల్సింది అంతే."

"ఒక్కదాన్నే వస్తాను ఇకనుంచి. తుపాకి లేకుండా. నడవడానికి."

"నడవడానికి రోడ్డుంది."

డ్వేన్ అప్పటికే వెనక్కి తిరిగి, తన బండి ఆపిన వైపు నడక మొదలుపెట్టాడు. పది అడుగులు పోయాక వెనక్కి చూసి, "దాన్ని నేను మొయ్యను. ముందే చెప్తున్నా. నా బండి సీట్లు కంపు కొడతాయి," అని అరిచాడు.

ఆర్లిస్ దుప్పి కాలు తీగల్లోంచి తప్పించడానికి రెండు చేతులా లాగింది. బ్రెక్కే నిలబడి చూశాడుగానీ చెయ్యి వెయ్యలేదు. కాలు బయటికి వచ్చాక దుప్పిని వెల్లకిలా తిప్పి, పొట్ట కోసింది. లోపల పచ్చటి మేత అంతటా చెదిరి ఉంది. వీపు లోపలి మెత్తటి కండ రెండు పక్కలా పాడైపోయింది. పక్కటెముకల పైకి చెయ్యి పెట్టి గుండె వెతికి, కోసి బయటికి తీసింది. గుండెకి ఏమీ కాలేదు. ఏటా గేలెన్ తను కొట్టిన దుప్పి గుండెని తీసుకెళ్లి బ్రెక్కే వంటింటి బల్ల మీద పెట్టి వచ్చేవాడు. ముసలాయనకి ఉల్లిపాయలతో వేపుకోవడం ఇష్టం. ఆర్లిస్ దాన్ని మంచుతో కడిగి, నెత్తురు పిండి, తీసుకెళ్లి పికప్ వెనక చెక్క మీద పెట్టింది.

బ్రెక్కే దాన్ని చూశాడు. కర్ర కొసతో చెక్క మీదనుంచి కిందకి తోసి, ఈల వేశాడు. కుక్క వచ్చి గుండె నోట కరుచుకుని, మేటు చాటుకి పోయింది.

పికప్ వెళ్లిపోయింది. ఆర్లిస్ మంచు పిడికిళ్లతో తీసి దుప్పి లోపల రుద్దడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ నీళ్లు తగిలిన మాంసం ఎంతోసేపు ఆగదు. వెనక తొడలు రెండూ బాగానే ఉన్నట్టున్నాయి. ముందు వాటిని విడదీసి, ఒక్కొక్కటే రోడ్డుదాకా మోసుకుపోవాలి.